దారం లేని మిషను

మా ఆవిడ కౌన్సిలరుగా గెలిచిన ఎండాకాలంలో ఊళ్ళో సగం మంది నాకు అభినందనలు చెప్పారు. మిగతా సగం మంది, "అదృష్టవంతులు టైలర్ గారూ, అంత భక్తి గల మనిషి దొరికింది మీకు" అన్నారు. మొదటి రకం వాళ్ళకి తల ఊపాను. రెండో రకం వాళ్ళని నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. మెడ చుట్టూ టేపు ఉన్నప్పుడు మనిషి ఎక్కువసేపు మాట్లాడడు.

అప్పటిదాకా మా ఇంట్లో భక్తి నా వాటా, మాట ఆవిడ వాటా. పెళ్ళైన కొత్తలోనే ఆ పంపకాలు జరిగిపోయాయి. ఆవిడ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఊరంతా పెద్ద టీచరనే పిలుస్తారు. నాకు మాట తక్కువ. పొద్దుటినుంచి సాయంత్రందాకా పొడవెంత, వదులెంత, జేబు ఎటువైపు, ఇంతే నా సంభాషణ.

నేను నిజంగా మాట్లాడేది రోజుకి ఒక్కసారి, కొట్టు తెరిచే ముందు. కింద కొట్టు, పైన ఇల్లు మాది. కొట్టు వెనక మూల చిన్న ట్రయల్ రూము ఉంది. రెండు చెక్క పలకలు, ఒక నిలువుటద్దం, ముందు ఆకుపచ్చ కర్టెను. అందులో స్టూలు మీద కూచుని, కళ్ళు మూసుకుని పైవాడితో మాట్లాడతాను. పుస్తకం లేదు, పాట లేదు. ఎదురుగా మనిషి ఉన్నట్టే, పైకే మాట్లాడతాను. మనసులో అనుకుంటే నాకు మాట నిలవదు. మా నాన్నదీ ఇదే అలవాటు, ఇదే స్టూలు.

మా ఆవిడకి ఈ గొడవ లేదు. "నాకక్కడ ఎవరూ కనపడరు. మీకు కనపడితే నాకేం అభ్యంతరం లేదు" అని కాపురానికి వచ్చిన వారంలోనే చెప్పేసింది. ఆ మాట విని మా అమ్మ తల పట్టుకుంది. నాకు మాత్రం నచ్చింది. లేనిది ఉన్నట్టు నటించే మనిషి కాదు కదా అనుకున్నాను.

కర్టెను మాటల్ని ఆపదు. ఒకరోజు నేను బయటికి రాగానే, "మీరు చెప్పుకునేవన్నీ ఇక్కడికి వినపడుతున్నాయి. నేను వినకూడదు. అవి మీవి" అంది. మర్నాటినుంచి నేను లోపలికి వెళ్ళగానే షట్టరు సగానికి దించి, మా నాన్న వాడిన కాలి మిషను ముందు కూచుని, సూదిలోంచి దారం లాగేసి, ఖాళీగా తొక్కేది. ఆ టకటకలో నా మాటలు నాకే సరిగ్గా వినపడేవి కావు. ఎవరైనా షట్టరు కింద వంగి చూస్తే, "ఆయన పని మీదున్నారు, కాసేపాగి రండి" అనేది. నేను బయటికొచ్చాక లేచి, సంచి భుజాన వేసుకుని బడికి వెళ్ళేది.

దేవుణ్ణి నమ్మని మనిషి మొగుడి ప్రార్థనకి కాపలా కూచోవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, ముప్ఫై ఏళ్ళకి పైగా. పైవాణ్ణి ఎంత నమ్మానో ఆ మిషను చప్పుడిని అంతే నమ్మాను.

ఎన్నికలకి రెండేళ్ళ ముందు ఆవిడ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, గడ్డ పోయింది, దాంతోపాటు మాటా పోయింది. తిరిగొస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. బడి నుంచి ఓ పలక తెచ్చుకుని, దాని మీద రాసి చూపించేది. ఆ పలక మీద కూడా నా తప్పులే దిద్దేది. అప్పుడు నేను లోపల కూచుని ఏమడిగేవాణ్ణో చెప్తాను. ఇప్పుడదేం దాచుకునే సంగతి కాదు.

"అయ్యా, ఆవిడ గొంతు ఆవిడకి ఇచ్చెయ్. కావాలంటే నాది తీసుకో. పొడవెంత, వదులెంత అని అడగడానికి తప్ప నాకు గొంతుతో పనేముంది? ఆవిడ గొంతు మీద నాలుగు వందల మంది పిల్లలు నిలబడ్డారు."

రోజూ ఇవే మాటలు. బయట మిషను టకటకలాడుతూనే ఉండేది. కొన్నాళ్ళకి గొంతు తిరిగొచ్చింది, కాస్త బొంగురుగా. ఆవిడ డాక్టరుకి కృతజ్ఞతలు చెప్పుకుంది. నేను చెప్పుకోవాల్సిన చోట చెప్పుకున్నాను. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ వాదించుకోలేదు.

ఆవిడ రిటైరైన ఏడాదే బడి మైదానం మీద సిమెంటాయన కన్ను పడింది. సిమెంటాయనంటే అప్పటి కౌన్సిలరు, పెద్ద సిమెంటు వ్యాపారి. మైదానంలో షాపుల కాంప్లెక్సు కట్టాలని తీర్మానం తయారుచేసి పెట్టుకున్నాడు. మైదానం పోతే ఆ ఇరుకులో బడి ఎన్నాళ్ళు నడుస్తుంది? మా ఆవిడ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎనిమిదో రోజు వెళ్ళి నామినేషన్ వేసొచ్చింది.

దాంతో నా కొట్టు కొట్టు కాకుండా పోయింది. బట్టల బీరువాలో కరపత్రాలు చేరాయి. కత్తిరించే బల్ల మీద మా బావమరిది చేరాడు. సభలకి మైకులూ కుర్చీలూ అద్దెకిస్తాడు, అందుకని ఊళ్ళో అందరికీ వాడు మైకే. పక్కన కూచుని మాట్లాడినా వెనక వరసకి వినపడాలి వాడికి. "బావా, ఈసారి అక్క ఖాయం" అని వాడు పొద్దున అంటే, ఆ మాట సాయంత్రానికి వీధి చివర నుంచి నా దగ్గరికే తిరిగొచ్చేది.

మొదట్లో అంతా మన వైపే ఉంది. అప్పుడు సిమెంటాయన ఒక సందు మీటింగులో, చాలా మర్యాదగా, ఒక ప్రశ్న వదిలాడు. "టీచరు గారు మంచి మనిషే, కాదనను. కానీ ఏ దేవుణ్ణి నమ్ముతారో, అసలు నమ్ముతారో లేదో, ఒక్కసారి చెప్పమనండి. ఊరు అప్పజెప్పే ముందు తెలుసుకోవాలిగా."

అంతే. మర్నాటికి నీళ్ళు, దీపాలు, మైదానం అన్నీ వెనక్కిపోయాయి. ఊరంతా ఆ ఒక్క ప్రశ్నే నములుతోంది.

రిటైరైన పోస్టుమాస్టరు గారు మనవరాలి పెళ్ళికని కోటు కుట్టించుకోవడానికి వచ్చింది ఆ రోజుల్లోనే. నాకు పాత గిరాకీ, నెమ్మదస్తుడు, దైవభక్తి ఉన్న మనిషి. నేను భుజాలు కొలుస్తుంటే, బల్ల దగ్గర కరపత్రాలు మడతపెడుతున్న మా ఆవిడని అడిగేశాడు.

"అడిగితే తప్పేముందమ్మా? ఇంట్లో వంటమనిషిని పెట్టుకోవడానికే సవాలక్ష అడుగుతాం."

"రూలు ప్రకారం అలా అడక్కూడదు మాస్టారూ" అన్నాడు మైకు.

"రూలున్న చోట రూలు చూసి సంతకం పెడతారోయ్. రూలు లేని చోట మనిషి దేన్ని చూసి పెడతాడు? లోపలున్నదాన్ని చూసేగా. ఆ లోపలేముందో నాకు తెలియాలి. అంతే నేననేది."

మా ఆవిడ కరపత్రాలు పక్కన పెట్టింది. "నా లోపలేముందో ఇన్నేళ్ళు చూశారుగా. మీ మనవరాలికి అక్షరాలు దిద్దించింది నేనే. అప్పుడు అడగలేదే?"

"అప్పుడు నువ్వు ఓటడగలేదమ్మా."

ఆవిడ నవ్వేసింది. "అదీ నిజమే. కానీ చూడండి, నమ్ముతున్నానని చెప్పడం ఎంతసేపు? ఎవరైనా చెప్తారు. చెప్పినవాళ్ళ లోపలికి మీరు తొంగి చూడగలరా? నా పని అడగండి, పూచీ పడతాను. నమ్మకమనేది నా ఇంటి లోపలి సంగతి."

"అబద్ధమైతే మొహంలో తెలిసిపోతుంది" అన్నాడాయన. "జీవితమంతా కౌంటరు వెనక కూచుని మొహాలే చూశాను." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు టైలరూ? రోజూ దేవుడితో మాట్లాడేవాడివి."

"నా దేవుడు ఇంతవరకూ ఫలానా వాళ్ళకి ఓటెయ్యమని చెప్పలేదు మాస్టారూ. చెయ్యి ఎత్తండి, చంక కొలవాలి" అన్నాను.

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, కానీ ఓటు సంగతి తేల్చకుండానే వెళ్ళాడు.

వారం తిరక్కుండా బడి గోడ మీద పెద్దక్షరాలు వెలిశాయి. దేవుడు లేని టీచరు మాకొద్దు. ఆవిడ పాఠాలు చెప్పిన గోడే అది. మైకుకి ఒళ్ళు మండింది. ఇద్దరు కుర్రాళ్ళని పెట్టి సున్నం కొట్టించాడు. సున్నం ఆరేసరికి అక్షరాలు మళ్ళీ లోపల్నుంచి కనపడ్డాయి.

"అక్కా, ఒక్క ఫోటో చాలు" అన్నాడు వాడు బతిమాలుతూ. "బావ పక్కన కళ్ళు మూసుకుని నిలబడు. నువ్వేం అనక్కర్లేదు. జనమే అనుకుంటారు."

"ఏమనుకుంటారు?"

"నమ్ముతుందని."

"లేని నమ్మకం ఉందని చూపించి ఓటడిగినదాన్ని, రేపు లేని బడిని ఉందని చూపించి కూడా అడుగుతాను" అంది ఆవిడ. "కెమెరా లోపల పెట్టు."

ఆ మాటకి నాకు ఛాతీ ఉబ్బింది. నమ్మేవాణ్ణి నేను, నమ్మనిది ఆవిడ, కానీ నా దేవుడి మర్యాద కాపాడింది ఆవిడే అనిపించింది. ఆ రోజు ఆవిడ బ్లౌజుకి ఊడిపోయిన హుక్కు అడక్కుండానే కుట్టి పెట్టాను. ప్రేమ చూపించడం నాకు తెలిసింది అలాగే.

తర్వాత రోజుల్లో ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. పోలింగుకి పది రోజులుందనగా ఆవిడ ప్రచారం నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఖాళీ మిషను ముందు కూచుంది. ఒకప్పుడు తన దగ్గర చదివిన అమ్మాయి తలుపు సగమే తెరిచి, "టీచర్, మీరంటే నాకు ప్రాణం. కానీ మా అత్తగారు ఒప్పుకోవట్లేదు. ఏదో ఒక దేవుడి పేరు చెప్పేయొచ్చుగా మీరు" అందట.

"వాళ్ళకి నేనిచ్చిన చదువు గుర్తుంది. అయినా సరిపోలేదు" అంది.

నేను ఓ చొక్కాకి కాజాలు కుట్టుకుంటూ ఉన్నాను. కాసేపటికి అడిగింది. "మీరు లోపల అంతసేపు మాట్లాడతారు కదా. జవాబొస్తుందా?"

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న. సూది పక్కన పెట్టాను. "జవాబేం రాదు. కానీ ఎవరో వింటున్నట్టుంటుంది" అన్నాను.

ఆవిడ అదోలా చూసింది. ఏదో చెప్పబోయి ఆగి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. అలిసిపోయింది పాపం అనుకున్నాను.

అభ్యర్థులతో ముఖాముఖి బడి హాల్లోనే పెట్టారు, ఓ ఆదివారం సాయంత్రం. మైకులు మా వాడివే. సిమెంటాయన ఒక కుర్చీలో, మా ఆవిడ ఒక కుర్చీలో. నేను చివరి వరసలో, మా బావమరిది పక్కన, వాడి యాంప్లిఫయర్ దగ్గర కూచున్నాను. ముందు వరసలో పోస్టుమాస్టరు గారి బట్టతల కనపడుతోంది.

మురుగు కాలవల గురించి అడిగారు. మైదానం గురించి అడిగారు. ఆవిడ బాగా చెప్పింది. అప్పుడు మధ్యలోంచి ఒకావిడ లేచింది. "టీచరు గారూ, తిప్పి చెప్పొద్దు. దేవుణ్ణి నమ్ముతారా లేదా? ఔను, కాదు, ఏదో ఒకటి చెప్పండి."

ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. నమ్మకమనేది నా ఇంటి లోపలి సంగతి. ఆవిడకంటే ముందే నా పెదాలు కదిలాయి.

ఆవిడ మైకు చేతిలోకి తీసుకుని లేచింది. సిమెంటాయన కాలు మీద కాలేసుకున్నాడు. ఆవిడ హాలు చివర నన్ను వెతికింది, చూసింది, తర్వాత చూపు తిప్పుకుంది.

"ఇది ఇంతవరకూ బయట ఎవరికీ చెప్పలేదు" అంది. "రెండేళ్ళ కిందట నా గొంతు పోయింది, మీకు తెలుసు. ఇక రాదేమో అన్నారు. ఆ రోజుల్లో మా కొట్టు వెనక చిన్న గదిలో, కర్టెను వేసుకుని, రోజూ ఒక్కటే అడిగాను. అయ్యా, నా గొంతు నాకిచ్చెయ్. కావాలంటే ఇంకేదైనా తీసుకో. ఈ గొంతు మీద నాలుగు వందల మంది పిల్లలు నిలబడ్డారు. అదే అడిగాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ గొంతే. ఇంతకంటే నన్నేం అడక్కండి."

బొంగురు గొంతు చివర్లో కాస్త వణికింది. అడిగినావిడ కళ్ళు ఒత్తుకుంటూ కూచుంది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. మైకు నా చెయ్యి పట్టుకుని పిసికేస్తున్నాడు. "బావా, కొట్టేసింది అక్క. ఇంత కథ ఉందని నాక్కూడా చెప్పలేదేం మీరు?"

నిజం చెప్పాలంటే, మొదట నాకు సంతోషమే కలిగింది. ఎంత పిచ్చివాణ్ణో చూడండి. నేను లేనప్పుడు ఆవిడ కూడా ఆ స్టూలు మీద కూచుందేమో, సిగ్గుపడి నాతో చెప్పలేదేమో అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆ తర్వాత నాలుగు వందలన్న మాట గుర్తొచ్చింది. ఆ బడిలో పిల్లలు ఎప్పుడూ మూడు వందలు దాటలేదు. నాలుగు వందలనేది నా లెక్క. నోటికొచ్చింది, అలా అలవాటైపోయింది. హెడ్మిస్ట్రెస్‌కి తన బడిలో పిల్లలెందరో తెలియదా? అడిగింది ఆవిడే అయితే ఆ అంకె అలా రాదు. నా ప్రార్థనని నా తప్పుతో సహా ఎత్తుకెళ్ళి స్పీకర్లలో పెట్టింది. నేను దీర్ఘం తీసే ఆ "అయ్యా"ని కూడా వదల్లేదు.

నా గొంతు తీసుకోమన్న ఆ ఒక్క మాటే మార్చింది. నాది తీసుకో అన్నచోట ఇంకేదైనా అంది.

జనం ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళారు. ఆవిడ వంటింట్లో వేడినీళ్ళలో ఉప్పు కలుపుకుంటోంది, గొంతు నొప్పికి. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మిషను తొక్కుతూనే ఉండేదానివిగా" అన్నాను.

ఆవిడ బుకాయించలేదు. "తొక్కాను. మాట పోయిన రోజుల్లో ఒకసారి ఆపాను. భయమేసింది. డాక్టరు నాకు చెప్పనిదేదైనా మీకు చెప్పాడేమో, అది మీరు లోపల చెప్పుకుంటున్నారేమో అని."

"ఒక్కసారేనా?"

గ్లాసులో చెంచా తిప్పింది. "తర్వాత్తర్వాత మెల్లగా తొక్కేదాన్ని. చప్పుడు తేడా మీరు గమనించలేదు."

నేను గమనించలేదు. కళ్ళు మూసుకుని కూచున్నవాడికి ఏం తెలుస్తుంది?

"గొంతొచ్చాక కూడానా?"

గ్లాసు వైపే చూస్తూ తల ఊపింది. ఆ రెండేళ్ళలో నేను లోపల ఏమేం మాట్లాడానో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆవిడ మీద నేను చెప్పుకున్న ఫిర్యాదులు, నా భయాలు, ఆవిడకంటే ముందు నన్ను తీసుకుపొమ్మని అడిగినవి, అన్నీ.

"ఇప్పుడు నమ్ముతున్నావా?" అని అడిగాను. ఔనంటే అన్నీ క్షమించేద్దామని నిలబడ్డాను.

"లేదు" అంది, వెంటనే. నాతో మాత్రం అబద్ధం ఆడదు.

"మరి ఎందుకలా?"

"మైదానం గురించి నేను చెప్పేది వాళ్ళు వినాలంటే ముందు ఇది వినాలన్నారు. వినిపించాను. అయినా నా గొంతు కోసం అడిగిన మాటలు నావి కావా?"

"అవి ఆయనకి చెప్పినవి."

"మీ లెక్కలో ఆయన విన్నాడు, ఇచ్చేశాడు, అక్కడితో ఆయన పనైపోయింది. నా లెక్కలో అక్కడ ఎవరూ లేరు, విన్నది నేనొక్కదాన్నే. ఎలా చూసినా అవి నాకు చేరిన మాటలే." క్లాసులో చెప్పినట్టే చెప్పింది, కానీ నా వైపు చూడకుండా చెప్పింది. "మీకంత కష్టంగా ఉంటే వెళ్ళి పోస్టుమాస్టరు గారితో నిజం చెప్పెయ్యండి. ఆయన మాట పది ఇళ్ళు వింటాయి. నేను ఓడిపోతాను, మైదానం పోతుంది. నేనేం మిమ్మల్ని ఆపను."

ఆవిడతో వాదించి నేను ఏనాడూ గెలవలేదు. ఆ రోజు కూడా గెలవలేదు. ఇంట్లో దొంగ పడితే కేకలు వెయ్యొచ్చు. ఎత్తుకెళ్ళినావిడే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఎదురుగా నిలబడితే ఎవరిని పిలవాలి?

పోలింగుకి ముందురోజు పోస్టుమాస్టరు గారు కోటు ట్రయలుకి వచ్చారు. ట్రయల్ రూములోనే, అద్దం ముందు నిలబెట్టాను. కుడి భుజం కాస్త ఎగదన్నుతోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుచ్చుతున్నాను.

"ఇదేనా ఆ గది?" అన్నాడాయన చుట్టూ చూస్తూ. నేను తలూపాను.

అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. "ఒక్క మాట అడుగుతాను. ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదును, నువ్వు దేవుడి విషయంలో అబద్ధం చెప్పవు. మొన్న హాల్లో మీ ఆవిడ చెప్పింది నిజమేనా? నువ్వు ఔనంటే మా వీధి వీధంతా తీసుకెళ్ళి వేయిస్తాను. కాదంటే ఇంట్లో కూచుంటాను. ఇంకెవరికీ చెప్పను."

కర్టెను అవతల మా ఆవిడ కరపత్రాలు లెక్కపెడుతోంది. ఆ చప్పుడు ఆగింది.

నోట్లోంచి గుండుసూదులు తీసి అరచేతిలో పెట్టుకున్నాను, మాట్లాడదామనే. కాదని చెప్పడానికే నోరు తెరిచాను. తర్వాత ఔనని చెప్దామని చూశాను. ఏదీ రాలేదు. గొంతులోంచి గాలి తప్ప ఏదీ రాలేదు. కళ్ళు నిండిపోయాయి. సూదులు అరచేతిలో గుచ్చుకుంటున్నా పిడికిలి విప్పలేకపోయాను.

పోస్టుమాస్టరు గారు తిరిగి నా భుజం తట్టారు. "చాల్లేవోయ్. ఇంకేం చెప్పక్కర్లేదు. మొహమే చెప్తోంది."

మా ఆవిడ గెలిచింది. ఓట్ల తేడా మరీ ఎక్కువేం కాదు, ఒక వీధి జనమంత. తీర్మానం చెత్తబుట్టలోకి పోయింది. ఆ మైదానంలో ఇవాళ్టికీ పిల్లలు ఆడుకుంటున్నారు. నేను అటువైపు వెళ్ళినప్పుడు నిలబడి చూస్తాను కూడా. మంచి పనే జరిగింది, నేను కాదనను.

గెలిచిన మర్నాడు పొద్దున్నే కిందికి దిగేసరికి ఆవిడ నాకంటే ముందే కొట్టులో ఉంది. షట్టరు సగానికి దించి ఉంది. దాని కింద పూలదండల వాళ్ళ కాళ్ళు కనపడుతున్నాయి. నేను కర్టెను వేసుకుని స్టూలు మీద కూచున్నాను.

"ఆయన ప్రార్థనలో ఉన్నారు, కాసేపాగండి" అంది ఆవిడ బయట వాళ్ళతో. ఇన్నేళ్ళూ పని మీదున్నారనే అనేది. ఇప్పుడు ఆ మాట దాచనక్కర్లేదు, చెప్పుకుంటే మంచిది కూడా. బయట వాళ్ళు వెంటనే గొంతులు తగ్గించారు. తర్వాత మిషను మొదలైంది. గట్టిగా, వేగంగా, ఎప్పుడూ తొక్కనంత గట్టిగా తొక్కుతోంది. ఒక్క ముక్క కూడా వినను, చూడండి, అని నాతో చెప్తోందని తెలుసు. క్షమించమని అడగడం ఆవిడకి తెలిసింది అలాగే.

నేను కళ్ళు మూసుకున్నాను. "అయ్యా" అన్నాను. అది నాకు స్పీకర్లలోంచి వచ్చినట్టు, బొంగురుగా వినపడింది. కళ్ళు తెరిచాను. అద్దంలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంకోసారి ప్రయత్నించాను. ఆ తర్వాతి మాట రాలేదు. నా గొంతు తీసుకో అని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఎవరు విన్నారో, ఎవరు తీసుకున్నారో నాకిప్పుడు తెలుసు.

లోపల నేను ఏమీ అనడం లేదు. బయట ఆవిడ ఏమీ కుట్టడం లేదు. మిషను మాత్రం ఆడుతూనే ఉంది.

లేచి కర్టెను తీశాను. ఆవిడ పాదాలు ఆగాయి.

"అప్పుడే అయిపోయిందా?" అంది.

"అయిపోయింది" అన్నాను. "లే, ఆ మిషను నాక్కావాలి."

ఆవిడ నా మొహం చూసి, లేచి పక్కకి జరిగింది. నేను కూచుని, దారం రీలు పెట్టి, కొస తడిపి సూదిలోకి ఎక్కించాను. పోస్టుమాస్టరు గారి కోటు భుజం ఇంకా సరిచేయాలి. షట్టరు పూర్తిగా ఎత్తెయ్యమన్నాను.